కాటు కాలికి, సూది భుజానికి

కుక్క పిక్క పట్టుకుని పీకితే ప్రభుత్వాసుపత్రిలో రెండు భుజాలకూ సూదులు వేస్తారు. వరసలో నిలబడ్డవాళ్ళలో ఎవరో ఒకరు అడక్క మానరు: "కరిచింది కాలికి గదా నర్సమ్మా, సూది చేతికేస్తారేంటి?" వెనకాల ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి ఆమెకు జవాబు చెప్పే తీరిక ఉండదు. "ముందు చొక్కా చెయ్యి పైకి మడువయ్యా" అంటుంది. నిజానికి అది వైద్య విద్యార్థులను నిలబెట్టి అడగదగ్గ ప్రశ్న. సూటిగా జవాబు చెప్పాలంటే మన ఒళ్ళు రోగాలనుంచి తన్ను తాను ఎలా కాపాడుకుంటుందో మొదలంటా చెప్పుకోవాలి.

వ్యాధినిరోధకతను వివరించడానికి జలుబో విషజ్వరమో చాలదా, రేబిస్ ఎందుకంటారేమో. జలుబులో ఒళ్ళు చేసే పనంతా మన ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. ఏ పని ఎప్పుడు మొదలైందో, ఏది లేకపోతే ఏమయ్యేదో తెలియదు. రేబిస్‌లో అలా కాదు. అక్కడ ఒళ్ళు ఒకచోట ఘోరంగా తప్పిపోతుంది. ఆ తప్పిన చోటును మనిషి కనిపెట్టి, నూట నలభై ఏళ్ళుగా అక్కడ చెయ్యి అడ్డం పెడుతున్నాడు. అందుకే ఏ భాగం ఏం చేస్తుందో ఇక్కడ విడివిడిగా కనిపిస్తుంది.

పన్ను దిగినచోట రెండు రకాల సూక్ష్మజీవులు లోపలికి పోవచ్చు. ఒకటి, ఆరోగ్యంగా ఉన్న కుక్కల, పిల్లుల నోళ్ళలో సైతం కాపురముండే బ్యాక్టీరియా. వాటిలో ఒక ముఖ్యమైన జాతికి లూయీ పాశ్చర్ పేరుమీద పాశ్చరెల్లా అని పేరు పెట్టారు. రెండోది, కుక్కకు వెర్రి ఉంటే దాని చొంగలో ఉండే రేబిస్ వైరస్. మొదటిది వచ్చిందని ఒళ్ళు గంటల్లో పసిగడుతుంది. రెండోది వచ్చిన సంగతి నెలలు గడిచినా తెలుసుకోకపోవచ్చు. ఒకే గాయం, ఒకే రోజు, ఒకే మనిషి. అయినా ఎందుకింత తేడా?

ముందు బ్యాక్టీరియా సంగతి చూద్దాం. చర్మం చెక్కుచెదరనంతసేపూ వీటిలో దేనికీ దారి లేదు. గాయం లేని చర్మాన్ని కుక్క నాకితే రేబిస్ సూదులు అక్కర్లేదని డాక్టర్లు చెప్పేది అందుకే. చర్మం తెగగానే దానికింద కాపు కాసి ఉన్న మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దాంతో సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడలు వదులవుతాయి, నెత్తురులోని నీరు బయటికి ఊరుతుంది. ఎరుపు, వేడి, వాపు, సలుపు. రోమన్ రచయిత సెల్సస్ రెండు వేల ఏళ్ళనాడే ఈ నాలుగింటినీ ఒకచోట చేర్చి రాశాడు. గాయం చేసిన పాడు ఇదంతా అని మనం అనుకుంటాం. ఒళ్ళు కావాలని చేసుకుంటున్న ఏర్పాటు అది.

అక్కడే తిరుగాడే మాక్రోఫేజ్ అనే పెద్ద కణాలు బ్యాక్టీరియాను పట్టుకుని మింగుతాయి. తమ సొంత కణమేదో పరాయిదేదో వాటికి ఎలా తెలుస్తుంది? బ్యాక్టీరియా గోడల్లో మన ఒంట్లో ఎక్కడా లేని పదార్థాలుంటాయి. వాటిని తడిమి గుర్తుపట్టే గ్రాహకాలు ఈ కణాల పైపొరమీద పుట్టుకతోనే ఉంటాయి. వీటి పేరు టోల్ గ్రాహకాలు. ఈగల మీద ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్, ఎలుకల మీద అమెరికాలో బ్రూస్ బ్యూట్లర్ 1990లలో ఈ రహస్యం విప్పారు. 2011లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. గ్రాహకం తగలగానే మాక్రోఫేజ్ రసాయన సంకేతాలు విడుస్తుంది. ఆ జాడ పట్టుకుని నెత్తుట్లోనుంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మందలు మందలుగా గాయంలోకి దిగుతాయి. మన ఎముకల మూలుగ రోజుకు సుమారు పది వేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారుచేస్తుంది. అంత తయారీ ఎందుకంటే అవి ఎక్కువకాలం బతకవు. మింగి, చంపి, తామూ చచ్చిపోతాయి. చచ్చినవన్నీ పోగుపడితే అదే చీము.

ఇలా మింగే కణాలే ఒంటికి కాపలా అని మొదట గట్టిగా చెప్పినవాడు రష్యన్ జీవశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్. 1882లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో, అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలో గులాబీ ముల్లు గుచ్చి మర్నాడు పొద్దున చూశాడు. ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఈ ఒక్క దృశ్యం మీద జీవితాంతం వాదించి, 1908లో నోబెల్ అందుకున్నాడు.

ఇక వైరస్. ఇది గాయంలో ఏ గొడవా చెయ్యదు. రేబిస్ వైరస్ తూటా ఆకారంలో ఉంటుంది. దాని దగ్గరున్న ఆస్తి అయిదు జన్యువులు, అయిదు ప్రోటీన్లు, అంతే. మనిషికి ఇరవై వేల చిల్లర జన్యువులున్నాయి. పడ్డచోట కండలో అది కొద్దికొద్దిగానే పెరుగుతుంది, కణాలను పగలగొట్టదు. వైరస్ దూరిన కణం మామూలుగా ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి చుట్టుపక్కల కణాలను హెచ్చరిస్తుంది. లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ 1957లో కనిపెట్టిన సంగతి ఇది. రేబిస్ వైరస్‌కున్న అయిదు ప్రోటీన్లలో ఒకటి ఈ హెచ్చరికను అణచిపెడుతుంది. ఆ తరువాత వైరస్ కండను కదిలించే నరం కొసను పట్టుకుని లోపలికి దూరి, ఆ నరం లోపలి రవాణా వ్యవస్థ మీదే ఎక్కి వెన్నుపాముకేసి బయలుదేరుతుంది. నరం లోపలికి యాంటీబాడీలు రాలేవు, తెల్లకణాలు తొంగిచూడలేవు. కరిచిన చోటునుంచి మెదడుకు చేరడానికి మామూలుగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి వారమే, ఒక్కోసారి ఏడాది పట్టవచ్చు. ముఖం మీద, చేతివేళ్ళ మీద కరిస్తే భయపడేది అందుకే. అక్కడ నరాలు దట్టం, పైగా ముఖం నుంచైతే మెదడు మరీ దగ్గర.

ఇక్కడ చిన్న పక్కదారి. కోవిడ్ మహమ్మారి వచ్చిపోయిన నాటినుంచి 'ఇమ్యూనిటీ పెంచే' పొడులు, కషాయాలు, గోలీలు వీధివీధినా అమ్ముతున్నారు. రోగనిరోధకశక్తి అంటే కండబలం లాంటిదని, ఉంటే ఎక్కువ లేకపోతే తక్కువ అని, తింటే పెరుగుతుందని ఆ ప్రచారం. సరైన తిండి, నిద్ర లేకపోతే ఒళ్ళు దెబ్బతింటుంది, అది నిజమే. కానీ రేబిస్ ముదిరితే పహిల్వాను, పండుముసలి ఒకేలా చనిపోతారు. పహిల్వానుకు బలం తక్కువై కాదు, అతని ఒంటికి కబురు అందక. నిరోధకతలో అసలు ప్రశ్న ఎంత బలం ఉంది అన్నది కాదు, ఎవరికి ఎప్పుడు తెలిసింది అన్నది. మిగతా కథంతా ఆ కబురు ఎలా ప్రయాణిస్తుందన్నదే.

చర్మంలో చేతులు చాపినట్టు కొమ్మలున్న కణాలు కొన్ని ఉంటాయి. పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి 1868లోనే వాటిని సూక్ష్మదర్శినిలో చూశాడు గాని నరాల కణాలేమో అనుకున్నాడు. వాటి కుటుంబం చేసే పని తేలడానికి వందేళ్ళకు పైగా పట్టింది. 1973లో న్యూయార్క్‌లో రాల్ఫ్ స్టైన్‌మన్ వాటి బంధువులను ఎలుక ప్లీహంలో కనిపెట్టి డెండ్రైటిక్ కణాలని పేరు పెట్టాడు. ఇవి గాయంలో దొరికిన పరాయి వస్తువును మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కలను తమ పైపొరమీద పెట్టుకుని దగ్గర్లోని లింఫు గ్రంథికి నడిచిపోతాయి. స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ ప్రకటించారు. మూడు రోజుల ముందే ఆయన కన్నుమూశాడని ప్రకటించినవారికి అప్పటికి తెలియదు. అయినా బహుమతిని వెనక్కి తీసుకోలేదు.

కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఆ బిళ్ళే లింఫు గ్రంథి. మెడలో, చంకల్లో, గజ్జల్లో, పేగుల చుట్టూ ఇలాంటివి వందల సంఖ్యలో ఉన్నాయి. కబురు పట్టుకొచ్చిన డెండ్రైటిక్ కణం అక్కడ కూర్చుంటుంది. దాని ఎదుటనుంచి టి-కణాలు, బి-కణాలు ఒకదాని తరువాత ఒకటి సాగిపోతుంటాయి. ప్రతి కణానికీ ఒక్క ఆకారాన్ని మాత్రమే గుర్తుపట్టే గ్రాహకం ఉంటుంది. ఫలానా వైరస్ ముక్కకు సరిపోయే గ్రాహకమున్న కణం లక్షకో పది లక్షలకో ఒకటి ఉండవచ్చు. సరిపోయింది దొరికేదాకా ఎదురుచూడవలసిందే.

ఇరవై వేల జన్యువులతో కోట్ల రకాల గ్రాహకాలు ఎలా తయారయ్యాయని చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. జపాన్‌కు చెందిన సుసుము టోనెగావా స్విట్జర్లాండ్‌లో పనిచేస్తూ 1976లో దీన్ని తేల్చాడు. బి-కణం పుట్టేటప్పుడు తన జన్యు ముక్కలను తానే కోసి, ఇష్టమొచ్చినట్టు అతికించుకుంటుంది. ప్రతి కణం అతుకు వేరు. శత్రువు ఎలా ఉంటాడో తెలియకుండానే, రాబోయే ఏ ఆకారానికైనా ఏదో ఒకటి సరిపోకపోతుందా అని ముందే తయారై ఉండటమన్నమాట. తగిన కణం దొరకగానే అదే విభజన చెంది మందగా మారుతుందని ఆస్ట్రేలియన్ శాస్త్రవేత్త మాక్‌ఫార్లేన్ బర్నెట్ 1957లోనే ఊహించాడు. పదిసార్లు చీలితే ఒకటి వెయ్యి దాటుతుంది. ఇరవైసార్లు చీలితే పది లక్షలు దాటుతుంది. ఎంత త్వరగా చీలినా దీనికి రోజులు పడతాయి. ఆలస్యానికి కారణం సోమరితనం కాదు, లెక్క.

చీలిన బి-కణాలు టి-కణాల సాయంతో యాంటీబాడీలను వదలడం మొదలుపెడతాయి. మొదట వచ్చేవి ఐజీఎం అనే భారీ రకం. నెత్తురు దాటి బయటికి అంతగా పోవు. గ్రంథిలోపల బి-కణాలు తమ గ్రాహకాలను చిన్నచిన్న మార్పులతో మెరుగు పెట్టుకుంటూ, బాగా అతుక్కునేవి బతుకుతూ, కానివి చస్తూ, ఇంకో వారానికి ఐజీజీ రకానికి మళ్ళుతాయి. ఇవి చిన్నవి, కండలోకి ఊరిపోగలవు. రేబిస్ వైరస్ పైన మేకుల్లా పొడుచుకొచ్చిన జి-ప్రోటీన్‌కు అతుక్కుని, నరం కొసను పట్టుకోనివ్వకుండా చేసేవి ఇవే.

ఇప్పుడు నర్సమ్మను అడిగిన ప్రశ్నకు జవాబు తేలిక. పిక్కలో పడిన వైరస్ కబురు పంపదు, పంపనివ్వదు. అంచేత గజ్జల్లోని గ్రంథికి ఏ సంగతీ తెలియదు. చంపిన వైరస్‌ను భుజం చర్మంలోకి ఎక్కిస్తే అక్కడి డెండ్రైటిక్ కణాలు దాన్ని పట్టుకుని చంకలోని గ్రంథికి మోసుకుపోతాయి. అక్కడ తయారైన యాంటీబాడీలు నెత్తుట్లో కలిసి ఒళ్ళంతా, పిక్కదాకా తిరుగుతాయి. కబురు ఏ గుమ్మంలో చెప్పినా ఒకటే, చెప్పాలి అంతే. అయితే పిరుదుకు మాత్రం వెయ్యరు. అక్కడి కొవ్వులో పడితే యాంటీబాడీలు తక్కువగా పుడతాయి. మన దేశంలో 2006లో ఆమోదం పొందిన పద్ధతి ప్రకారం కండలోకి కాకుండా చర్మంలోకే, రెండు భుజాలకూ చెరి 0.1 మిల్లీలీటరు చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కబురు మోసే కణాలు చర్మంలో దట్టంగా ఉంటాయి కాబట్టి ఇంత కొంచెం టీకాయే సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది.

కాని టీకా వేసిన రోజు నుంచి చాలినన్ని యాంటీబాడీలు రావడానికి ఏడు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. పైన చెప్పిన చీలికల లెక్క వల్ల దాన్ని ఎవరూ తగ్గించలేరు. లోతైన గాయమైతే ఆ వారం పదిరోజుల్లో వైరస్ నరంలోకి దూరిపోవచ్చు. అందుకని రెండు పనులు చేస్తారు. మొదటిది సబ్బు, పంపునీళ్ళతో పదిహేను నిమిషాలు కడగడం. వైరస్‌కు కొవ్వు పొర ఉంది, సబ్బుకు అది కరిగిపోతుంది. ఊళ్ళలో కారం, సున్నం, పసరు పూస్తారు. వాటివల్ల గాయం రేగుతుందే తప్ప ఈ పొర కరగదు. రెండోది ఇమ్యునోగ్లోబ్యులిన్. అంటే వేరే మనిషి ఒంట్లోనో గుర్రం ఒంట్లోనో ముందే తయారైన యాంటీబాడీలు. వాటిని భుజానికి కాదు, సాధ్యమైనంతవరకు గాయంలోనే, గాయం చుట్టూనే ఎక్కిస్తారు. చాలా నొప్పి పెడుతుంది, చిన్న పిల్లలకు వేస్తుంటే చూడలేం. కానీ ఈ సూది చేసే పని కబురు చెప్పడం కాదు, అక్కడికక్కడే వైరస్‌ను పట్టుకోవడం. అందుకే ఇది కాటు దగ్గరకూ, అది భుజానికీ.

ఒకరి యాంటీబాడీలు ఇంకొకరికి అరువివ్వవచ్చని 1890లో బెర్లిన్‌లో ఎమిల్ ఫాన్ బేరింగ్, షిబసబురో కిటసాటో చూపించారు. వాళ్ళు చూపించింది ధనుర్వాతం, డిఫ్తీరియా విషాల విషయంలో. అరువు అరువే. కొన్ని వారాల్లో అరిగిపోతుంది, ఒంటికి నేర్పేదేమీ ఉండదు. మొదటి టీకా వేసి ఏడు రోజులు దాటితే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వరు. అప్పటికి సొంత యాంటీబాడీలు మొదలై ఉంటాయి, అరువు సరుకు వాటికి అడ్డం వచ్చే ప్రమాదముంది.

ఇవేవీ తెలియకుండానే పాశ్చర్ 1885 జులై 6న పారిస్‌లో తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేయించాడు. అప్పటికి యాంటీబాడీలంటే ఏమిటో లోకానికి తెలియదు. రేబిస్ సోకిన కుందేళ్ళ వెన్నుపాములను సీసాల్లో ఆరబెట్టి, బాగా ఆరినదానితో మొదలుపెట్టి రోజురోజుకూ తాజాదాని వైపు జరుగుతూ పదమూడు సూదులు వేయించాడు. కుర్రవాడు బతికాడు. వైరస్ నెమ్మదిగా నడుస్తుంది కనుక కాటు పడ్డాకైనా దాన్ని దాటిపోయే వ్యవధి ఉంది. పాశ్చర్‌కు కలిసివచ్చింది అది. మశూచికిగాని తట్టుకుగాని ఇంత తీరిక ఉండదు.

మన దేశంలో ఈ చికిత్స కోసం 1900లో కసౌలీలోనూ, 1907లో నీలగిరుల్లోని కూనూరులోనూ పాశ్చర్ సంస్థలు పెట్టారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉన్న కోస్తా, రాయలసీమ ప్రాంతాలకు దగ్గరలో ఉన్నది కూనూరే. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో, రేబిస్ ఎక్కించిన గొర్రె మెదడును ఫినాల్‌తో నిర్జీవం చేసి తయారుచేసిన టీకా తొంభై ఏళ్ళకు పైగా మనవాళ్ళ పొట్టల్లోకి పోయింది. 'బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు' అంటే ఇప్పటికీ పెద్దవాళ్ళు ముఖం చిట్లిస్తారు. మోతాదు ఎక్కువ కాబట్టి వదులుగా ఉండే పొట్ట చర్మాన్ని ఎంచుకున్నారు, బొడ్డుకు వేరే మహిమ ఏమీ లేదు.

ఆ టీకా ప్రాణాలు కాపాడింది. కొందరికి కాళ్ళూ చేతులూ పడిపోయేలా కూడా చేసింది. వైరస్ బతికి ఉండి చేసిన పని కాదది. 1933లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్ బృందం ఏ వైరస్సూ లేని కుందేలు మెదడును కోతులకు మళ్ళీమళ్ళీ ఎక్కిస్తే కొన్నిటికి పక్షవాతం వచ్చింది. నరాలమీద ఉండే మైలిన్ అనే తొడుగు గొర్రెకూ మనిషికీ దాదాపు ఒకటే. టీకాతోపాటు మైలిన్ గురించీ కబురు వెళ్ళింది. ఒళ్ళు దాన్ని కూడా శత్రువుగా రాసుకుంది.

సొంతదాని మీద పడకుండా ఒంటికి కాపలా లేదా? ఉంది. రొమ్ము ఎముక వెనక, గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథిలో ప్రతి టి-కణానికీ పరీక్ష జరుగుతుంది. సొంత ప్రోటీన్లకు గట్టిగా అతుక్కునేవి అక్కడే చస్తాయి. దేనికీ అతుక్కోనివీ బతకవు. నూటికి తొంభై అయిదుకు పైగా ఆ గ్రంథి దాటకుండానే చస్తాయి. ఇంత కఠినంగా వడపోసినా కొన్ని జారిపోతాయి. మామూలు రోజుల్లో మెదడు ముక్కలు లింఫు గ్రంథుల్లో పెద్దగా కనబడవు గనుక అవి నిద్రపోతూ ఉంటాయి. సెంపుల్ టీకా వాటిని లేపింది. ఈ బాధ తప్పించడానికి వైరస్‌ను మెదడులో కాకుండా ప్రయోగశాలలో పెంచిన కణాల్లో పెంచడం మొదలుపెట్టారు. 1962లో జపాన్‌లో ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసిన వీరో కణాలు అలాంటివే. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ అభయ్‌రాబ్ టీకాకు వాడేదీ ఈ కణాలనే. మన దేశంలో గొర్రె మెదడు టీకా 2005 నాటికి ఆగిపోయింది. చాలా ఆలస్యంగా ఆగిందనే నా అభిప్రాయం. మంచి టీకా అంతకు పాతికేళ్ళ ముందునుంచే లోకంలో ఉంది, డబ్బున్నవాళ్ళకు మన దేశంలోనే దొరికేది.

టీకా పడకపోతే ఏమవుతుంది? వైరస్ మెదడుకు చేరి, అక్కడ పెరిగి, తిరిగి నరాల వెంబడే చొంగ గ్రంథులకు దిగివస్తుంది. నీళ్ళు చూస్తే గొంతు బిగుసుకుపోతుంది. ఇంత జరిగినా చాలామంది రోగుల నెత్తుట్లో యాంటీబాడీలు కనబడేది జబ్బు బయటపడిన రెండో వారంలోనే, అప్పటిదాకా బతికుంటే. మెదడులోకి వచ్చిన టి-కణాలను వైరస్ సోకిన కణాలే చావుకు పురికొల్పుతాయని ఎలుకల్లో చేసిన పరిశోధనలు చూపాయి. ఏటా ప్రపంచంలో 59 వేలమంది ఇలా పోతున్నారని, అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

2004లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో గబ్బిలం కరిచిన పదిహేనేళ్ళ అమ్మాయి టీకా లేకుండానే బతికింది. ఆసుపత్రికి వచ్చేసరికే ఆమె నెత్తుట్లో యాంటీబాడీలు మొదలై ఉన్నాయి. ఒళ్ళు తన పని తాను పూర్తిచేసుకునేదాకా మెదడుకు విశ్రాంతి ఇద్దామని డాక్టర్లు మందులతో స్పృహ లేకుండా ఉంచారు. ఆ చికిత్స తరువాత చాలామంది మీద ప్రయత్నించారు గాని అంత నమ్మకంగా పనిచెయ్యలేదు. ఆమె విషయంలో బహుశా మందులకంటే ఆ యాంటీబాడీలు ముందే రావడమే అసలు సంగతి.

టీకా పూర్తిగా వేయించుకున్నవారిని కొన్నేళ్ళ తరువాత మళ్ళీ కుక్క కరిస్తే? అప్పుడు గాయం కడిగి 0, 3 రోజుల్లో రెండుసార్లు టీకా వేస్తే చాలు. ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. మొదటిసారి చీలిన బి-కణాల్లో కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలి లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో ఉండిపోతాయి. ఇంకొన్ని ఎముకల మూలుగలో స్థిరపడి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా యాంటీబాడీలు వదులుతూనే ఉంటాయి. ఈసారి లక్షలో ఒకదానికోసం వెతుకులాట లేదు, మెరుగు పెట్టుకునే పనీ లేదు. పద్నాలుగు రోజుల పని కొద్ది రోజుల్లో అవుతుంది. పశువైద్యులకు, వీధికుక్కలను పట్టేవారికి ఏ కాటూ పడకముందే టీకా వేసి పెట్టేది ఈ జ్ఞాపకం కోసమే. వాళ్ళను ఎప్పుడు ఏ కుక్క కరిచినా, చంకలోని గ్రంథికి ఆ ముఖం ముందే తెలిసి ఉంటుంది.